ఒక మార్కు ప్రశ్న

అశోక్‌నగర్‌లో మూడో అంతస్తు,
రేకుల కప్పు కింద నూట ఎనభై మంది,
రెండే ఫ్యాన్లు.
బోర్డు మీద రాస్తాను: క్రీస్తుశకం 312, వంతెన దగ్గర యుద్ధం.
మరుసటేడు మిలాన్ ప్రకటన.
రాసుకోండి, ఒక మార్కుకి వస్తుంది.

ఆకాశంలో వెలుగుల గుర్తు చూశాడంటారు.
కలలో అని ఒకాయన, పట్టపగలు అని ఇంకొకాయన.
ఏదైతేనేం, యుద్ధం గెలిచాడు.
గెలిచినవాడి కలని ఎవరు కాదంటారు?

అంతకు ముందు మూడొందల ఏళ్లు
ఆ మాట చెప్పుల్లేకుండానే నడిచింది.
గుడారాలు కుట్టేవాళ్ల దగ్గర,
రంగులద్దేవాళ్ల దగ్గర, బానిసల వంటిళ్లలో.
దానికి రాజుతో పని పడలేదు.
ఇది సిలబస్‌లో లేదు. రాసుకోకండి.

వెనక బెంచీ అమ్మాయి చెయ్యెత్తింది.
"మేడమ్, మరి బాప్తిస్మం ఎప్పుడు తీసుకున్నాడు?"
పోయే ముందు, అన్నాను. పాతికేళ్లు ఆగి.
"ఎందుకాగాడు?"
చేతిలో సుద్దముక్క విరిగింది.

మెట్టుగూడలో మా నాన్న కూడా ఆగాడు.
లాలాగూడ వర్క్‌షాపులో ఫిట్టరు.
ఆదివారం ఇస్త్రీ చొక్కా, గోళ్లలో పోని గ్రీజు,
స్తంభం వెనక చివరి బెంచీ.
కాగితాల్లో మైసయ్య, మందిరంలో మోషే.
ఆ రెండు పేర్ల నడుమ
ఒక తాసిల్దారు కుర్చీ వేసుకుని కూర్చునేవాడు.
నీళ్లలో మునిగితే కులం పోదు,
సర్టిఫికెట్టు పోతుంది.

ఏటా ఈస్టర్‌కి ఆశీర్వాదం గారు అడిగేవారు
"ఈసారన్నా, మోషే?"
"బిడ్డ చదువు కానియ్యుండ్రి అయ్యగారూ."
ఆ బిడ్డను నేను.
నా సీటు, నా స్కాలర్‌షిప్పు, హాస్టల్లో నా ఇనప మంచం
అన్నీ
ఆయన మునగని నీళ్ల మీద తేలుతూ వచ్చాయి.

నాన్న వాళ్ల నాయనమ్మ ఎల్లవ్వ
మెదక్ దిక్కు కరువులో అంబలికి చేతులు చాచిందట.
గిన్నె ఇచ్చిన చెయ్యి ఆమె చేతిని తాకిందట.
అంబలి రుచి మర్చిపోయింది,
ఆ తాకుడు గురించి మాత్రం చచ్చేదాకా చెప్పింది.
ఆ రోజు ఆకాశంలో ఏమీ కనిపించలేదు.
మబ్బు కూడా.

చక్రవర్తి నాణేల మీద
సూర్యదేవుడు ఇంకా కొన్నేళ్లు మెరుస్తూనే ఉన్నాడు.
మా గోడ మీదా అంతే.
ఎంక్వయిరీకి మనిషి వచ్చే రోజు
లక్ష్మీదేవి క్యాలెండరు మేకుకెక్కేది,
సాయంత్రానికి ట్రంకుపెట్టెలోకి దిగేది.
అమ్మ దాన్ని చుట్టేటప్పుడు
మడత పడకుండా, మర్యాదగా చుట్టేది.
అతడికి సామ్రాజ్యం చెదరకూడదు.
మాకు నా ఫీజు కట్టాలి.

గాంధీ ఆసుపత్రి. సెలైన్ కట్టిన చెయ్యి.
ఆశీర్వాదం గారు స్టీలు గ్లాసుతో తెచ్చినవి
వార్డు చివర నల్లా నీళ్లే.
నుదుటి మీద మూడుసార్లు.
నాన్న నవ్వబోయి దగ్గాడు.
"సల్లగున్నయ్" అన్నాడు.
సాక్ష్యం అంతే.
చక్రవర్తి ఊదా వస్త్రం విడిచి
తెల్లవి కట్టుకున్నాడని పుస్తకాల్లో ఉంది.
నాన్నది ఆసుపత్రి పచ్చ గౌను,
వీపు మీద ముడి ఊడిపోతే నేనే మళ్లీ కట్టాను.

మరణ ధ్రువపత్రంలో మైసయ్య.
రాయి చెక్కే అతను అడిగాడు
"ఏ పేరు పెద్దగ కొట్టాలమ్మా?"
రెండూ ఒకే కొలత, అన్నాను.
అక్షరానికింత అని డబ్బులు తీసుకున్నాడు.

"మేడమ్?"
చరిత్రకారులు ఒక మాట మీద లేరమ్మా,
ఈ ప్రశ్న పరీక్షలో రాదు.
తలలన్నీ వంగి తర్వాతి పేజీ తిప్పాయి.
ఆ అమ్మాయి మాత్రం ఏదో రాసుకుంటూనే ఉంది.
మెళ్లో నల్లదారానికి ఏం కట్టుకుందో,
చున్నీ సర్దుకుంది.